అరసున్నగారి చివరి దిద్దుబాటు

“లేచాడు. అతడు. తెల్లవారేసరికి.”

ఒక్కొక్క మాట కిందా పెన్సిలుతో ఒక్కొక్క చుక్క పెట్టి, ఆయన ఇత్తడి స్కేలును ఒక వరుస పైకి జరిపాడు.

“వెలిసింది. వాన. అవతల. కిటికీ.”

పొద్దున్న ఆరు గంటలైంది. వంటగది బల్ల మీద ఒక పక్క చల్లారుతున్న టీ, ఇంకో పక్క నవల చివరి పదహారు పుటల ప్రూఫు ఉన్నాయి. ప్రూఫులు దిద్దేవారిలో రెండు తెగలున్నాయి. ముందునుంచి చదివి, కథలో పడి కొట్టుకుపోయి, నాయిక కన్నీళ్ళలో సున్నాలు జారిపోయినా గమనించని దుర్బలులు ఒక తెగ. చివరి మాటనుంచి మొదటి మాట దాకా వెనక్కి నడుచుకుంటూ పోయి, అర్థమనే మాయలాడిని దరిచేరనీయని జితేంద్రియులు రెండో తెగ. ఆయన రెండో తెగవాడు. ముప్పై నాలుగేళ్ళలో నాలుగువందల పైచిలుకు నవలలు చదివాడు. వాటిలో ఒక్కదానిలోనైనా ఎవరు ఎవరిని పెళ్ళాడారో ఆయనకు తెలియదు.

మనిషి సన్నగా, ఎడమ భుజం కాస్త కిందికి ఒరిగి, చెవి వెనక పెన్సిలుతో, తప్పుగా ముద్రపడిన ఆశ్చర్యార్థకంలా ఉండేవాడు. ఆఫీసులో ఆయన పేరు అరసున్న. చేరిన కొత్తలో, ఆ ప్రచురణాలయం ‘వాఁడు’ నడుమ కూర్చునే అరసున్నను తమ పుస్తకాలనుంచి శాశ్వతంగా బహిష్కరించాలని తీర్మానించినప్పుడు, దాని పక్షాన లేచి మాట్లాడిన ఏకైక వీరుడు ఆయన. ఆ మహాసంగ్రామం మధ్యాహ్న భోజనానికి ముందే ముగిసింది. అరసున్న పోయింది, పేరు ఆయనకు మిగిలింది. ఉంటే పలకదు, లేకపోతే ఎవరూ వెతకరు కనుక, పేరు అతికినట్టు సరిపోయిందని అందరూ అన్నారు. ఆయన కూడా కాదనలేదు.

ఎదురు కుర్చీలో మనవరాలు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. ఉక్కపోతలో కూడా పొడుగుచేతుల చొక్కా వేసుకుని, చేతులంచులు వేళ్ళదాకా లాక్కుని ఉంది. మత్తు మాన్పించే చికిత్సాకేంద్రంనుంచి ఇంటికి వచ్చి మూడు వారాలైంది. ఇరుగుపొరుగుకు మాత్రం ఆమె ఏదో ఊళ్ళో మేనత్త దగ్గర చదువుకుని వచ్చింది. నవల మొత్తం ప్రూఫును ఆమె నిన్న సాయంత్రానికల్లా ముందునుంచి చదివేసింది.

“తాతయ్యా, ఈ పుస్తకం రాసినాయన ఎప్పుడైనా వాంతి చేసుకున్నాడంటావా?”

“ఆయన చాలా పేరున్నవాడమ్మా. అలాంటివి చేసుకోరు.”

“మూడొందల పేజీల్లో ఒక్కడికీ ముక్కు కారదు. అందరూ చిక్కిపోతారు, చిక్కిపోయి ఇంకా అందంగా అయిపోతారు. దానికి ‘వెన్నెలపొడి’ట పేరు! మేం సరుకనేవాళ్ళం. ఒక్కడికైనా మలబద్ధకం ఉందా చెప్పు? సెంటర్లో పదకొండుమందిమి, పొద్దున లేస్తే మా కబుర్లన్నీ దాని మీదే.”

ఆయన మనసు అలవాటు కొద్దీ ‘మలబద్ధకం’లో ద కింద ధ వత్తు సరిగా పడిందో లేదో చూసుకుంది. పడింది. ఇంట్లో ఇంతవరకూ వచ్చిన ఉపద్రవాలన్నిటినీ ఆయన ఈ మార్గానే ఎదుర్కొన్నాడు. భార్య పోయినప్పుడు సంతాపకార్డు ప్రూఫును మూడుసార్లు చదివి, ఒక్క తప్పూ దొరకక, చేయడానికి ఇక ఏమీ మిగలక అప్పుడు ఏడ్చాడు. మనవరాలు బడికి పంపిన దొంగ సెలవుచీటీలు కూడా ఆయన చేతిమీదుగానే పోయాయి. ‘మా అమ్మాయికి అనారోగ్యం’ అని తల్లి చేవ్రాలుతో పిల్ల రాసుకొస్తే, ‘గ’ కింద య వత్తు లేకపోవడం చూసి దిద్ది ఇచ్చాడు. ఎనిమిది నెలల్లో పదమూడు చీటీలు. చేయిచాపు దూరంలో జారిన సున్నాను పట్టే కన్ను, బల్లకు అవతల కూర్చున్న పిల్ల కంటిపాప సూదిమొనలా చిన్నదైపోవడాన్ని చూడలేదు.

“ఇది తప్పు,” అంది పిల్ల, చివరి పుట మీద వేలు పెట్టి.

“ఏది? వత్తా?”

“వత్తు కాదు తాతయ్యా. కథే తప్పు.”

“కథ నా పరిధిలోది కాదమ్మా.”

“విను ముందు. వాడు నాలుగు నెలలు మానేశాడు. తర్వాత ‘చివరిసారిగా, ఎప్పటంతే’ తీసుకున్నాడు. తెల్లారి లేచాడట! లేవడు. మానేశాక ఒళ్ళు మర్చిపోతుంది. అప్పుడు తట్టుకున్నదే ఇప్పుడు చంపేస్తుంది. డాక్టరు మాకు రోజూ చెప్పేది. నా పక్కమంచం అక్క అట్లాగే పోయింది, ఇంటికెళ్ళిన మూడోరోజు.”

ఆయన టీ గ్లాసు అందుకుని, తాగకుండానే దించాడు.

“ఇంకోటి చెప్పనా? తిట్టవుగా?”

“తిట్టను.”

“నిన్న అది చదివాక నాకు కూడా చివరిసారి అనిపించింది. అంత బాగా రాశాడు. వాడు లేచాడుగా, నేనూ లేస్తాననుకున్నా. అక్క సంగతి తెలిసి కూడా, తాతయ్యా! పదినిమిషాలు అట్లాగే ఉన్నా. తర్వాత వెళ్ళి అమ్మ పక్కన పడుకున్నా. ఏం లేదు, కడుపునొప్పి అని చెప్పా.” చేతులంచులు ఇంకా కిందికి లాక్కుంది. “నాకు తెలుసు కాబట్టి పది నిమిషాలు. తెలియనివాళ్ళకి?”

ఈ ప్రశ్నలో అచ్చుతప్పు ఏదీ ఆయనకు కనిపించలేదు.

లేచి వెళ్ళి కూతురిని లేపాడు. ఆమె బట్టలుతికే కర్మాగారంలో ఇస్త్రీపని చేస్తుంది. ఆ రోజుకు సెలవు పెట్టమన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న వేయడం మానేసి ఏడాదైంది. ఆమె పిల్ల పక్కన కూర్చుని బంగాళాదుంపల తొక్కు తీయడం మొదలుపెట్టింది. ఆయన బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి, ఒక పుటను ముందునుంచి చదివాడు.

‘నాలుగు నెలల తరువాత వెన్నెలపొడిని చివరిసారిగా చేతిలోకి తీసుకున్నాడు. ఎప్పటంతే తీసుకున్నాడు. దానికి వీడ్కోలు చెప్పాడు. కిటికీ అవతల వాన వెలిసింది. తెల్లవారేసరికి అతడు లేచాడు.’

బాగుంది. అందుకే భయం వేసింది. ఎక్కడా ఒక్క ముల్లు లేదు, నున్నటి మెట్లమీద కాలు జారినట్టు కన్ను జారిపోతోంది. చివరి మాట దగ్గరకు వచ్చేసరికి ఆయన అరవై రెండేళ్ళ గుండె సైతం తేలికపడి, ఆ కుర్రవాడితో పాటు లేచి కూర్చుంది. ఆయన దిగవలసిన చోటు దాటిపోయింది.

ప్రచురణాలయం రెండంతస్తుల పాత కట్టడం. పైన సంపాదకవర్గం, కింద అచ్చుయంత్రం. పైవారి ఆలోచనలు కింద సీసపు అక్షరాలుగా మారతాయి. ఈ రెండు లోకాల నడుమ, మెట్ల మలుపులో, కిటికీలేని గది ఆయనది. ఆ రాజ్యానికి సరిహద్దులు స్పష్టం. వత్తు, సున్న, కామా, విరామం ఆయనవి. మాట రచయితది. రచయిత చివరి ప్రూఫు మీద ‘ముద్రించవచ్చు’ అని సంతకం చేశాక కామా కూడా ఎవరిదీ కాదు. ఈ ధర్మశాస్త్రాన్ని కొత్తగా చేరిన ప్రతివారికీ ఆయనే చెప్పేవాడు. ఇప్పటి సంపాదకురాలికి కూడా ఆయనే చెప్పాడు.

ఆమె వయసు ముప్పై. జుట్టు ముడిలో ఎప్పుడూ రెండు కలాలు గుచ్చి ఉంటాయి, మూడోదానికోసం వెతుకుతూ ఉంటుంది.

“అయిదువేల ప్రతులు మేష్టారూ, అన్నీ బడుల గ్రంథాలయాలకే. మిగతా ఫారాలన్నీ అయిపోయాయి, ఈ ఆఖరి పదహారు పుటల ఫారం ఒక్కటీ మూడింటికి మెషీన్ ఎక్కాలి. ఇప్పుడు మీరొచ్చి చివరి వాక్యం తప్పంటారేమిటి?”

“వాడు లేవడమ్మా.”

“ఎవరు?”

“కథలో కుర్రవాడు. నాలుగు నెలలు మానేసి అంత తీసుకుంటే లేవడు. పిల్లలు చదివి నమ్ముతారు.”

ఆమె చేతిలో కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన ఒక నవల గురించి, అందులోని మనిషి గురించి మాట్లాడటం ఆమె వినడం ఇదే మొదలు. వేళాకోళం ఆడబోయి, ఆయన ముఖం చూసి మానుకుంది.

“ఆయన వస్తున్నారు సంతకానికి. మీరే చెప్పండి. నేను చెబితే వినరు. మీరు చెప్పినా వినరనుకోండి.”

రచయిత పదకొండింటికి వచ్చాడు. తల నెరిసిన నవయువకుడు. మెడలో ఉత్తరీయంలాంటిదేదో చుట్టుకుని, పదహారేళ్ళ పాఠకులకు తాను అన్నయ్యననే నమ్మకాన్ని ముఖాన నిత్యం ధరించి తిరిగేవాడు. మంచివాడే. మెట్లెక్కుతూ, అక్షరాలు పేర్చే కంపోజిటరును పిల్లల చదువు గురించి అడిగాడు, అరసున్నగారికి తానే నమస్కారం పెట్టాడు.

“అచ్చుతప్పుందట?”

“లేదండి. అచ్చు సరిగానే ఉంది. మనిషే... ఆ మనిషి బతకడండి.” తనకు తెలిసినంతా చెప్పాడు.

రచయిత శ్రద్ధగా విన్నాడు. అంత శ్రద్ధగా వినేవాడితో పోట్లాడటం కష్టం.

“మీరన్నది శాస్త్రం. కావచ్చు. కానీ పిల్లలకి ఆశ కావాలండీ. ఆఖర్న శవాన్ని చూపిస్తే పెద్దవాళ్ళ నీతిపాఠం అయిపోతుంది, పుస్తకం మూసి అవతల పడేస్తారు.”

“ఆశ ఉండనివ్వండి. ఆ చివరిసారే వద్దంటున్నాను. వాడు తీసుకోకుండానే తెల్లవారనివ్వండి.”

“అప్పుడింక కథెక్కడుందీ? వీడ్కోలు చెప్పకుండా ఎవరైనా దేన్నైనా వదిలిపెడతారా?”

“తీసుకోకుండా తెల్లవారడమే కథండి. మా ఇంట్లో...”

ఆగిపోయాడు. పిల్ల సంగతి గడప దాటనివ్వనని ఆమెకు మాట ఇచ్చి ఉన్నాడు.

“మీ ఇంట్లో?” అన్నాడు రచయిత, మెత్తగా.

“మా ఇంట్లో పుస్తకాలు ముందునుంచి చదువుతారండి.”

రచయిత నవ్వాడు. సంపాదకురాలు నవ్వలేదు. రచయిత కలం తీసి, చివరి పుట అడుగున ‘ముద్రించవచ్చు’ అని రాసి, కింద సుదీర్ఘమైన సంతకం చేసి, అందులోని సున్నా పూర్తిగా చుట్టాడో లేదో అని అరసున్నగారిని చమత్కారంగా అడిగి, చేయి కలిపి వెళ్ళిపోయాడు. ఆ చేయి వెచ్చగా ఉంది.

పన్నెండు. ఒంటిగంట. కిటికీలేని గదిలో ఆయన ఆ పుట ముందు కూర్చున్నాడు. అడుగున ఒక సూచన రాయవచ్చు. ఎవరు ఒప్పుకుంటారు? వాక్యం తీసివేయవచ్చు. పుట అడుగున అంత ఖాళీ కనపడితే మెషీన్‌మన్ సైతం పైకి పరుగెత్తుకొస్తాడు. ఇంటికి ఫోను చేశాడు. కూతురు ఎత్తింది. పిల్ల నిద్రపోతోందని చెప్పింది. “ఊపిరి చూశావా?” అన్నాడు. “చూస్తూనే ఉన్నాను నాన్నా,” అంది. ఫోను పెట్టి మళ్ళీ పుట ముందు కూర్చున్నాడు. మళ్ళీ తన పద్ధతిలో, వెనకనుంచి చదివాడు. మాటలు మాటలుగా కాదు, ఈసారి అక్షరం అక్షరం.

డు. చా. లే.

పెన్సిలు మధ్య అక్షరం మీద ఆగింది.

అచ్చుతప్పుల వల్ల ‘రాజు’ ‘రోజు’ కావడం, ‘కన్య’ ‘కన్ను’ కావడం ఆయనకు కొత్త కాదు. అలాంటి అక్షరరాక్షసులను సంహరించడానికే కదా ఆయన అవతారం. ఆ పరాక్రమం అంతా ఎందుకు పనికొస్తుందో తెలియజేసే ఘడియ వచ్చేసరికి, చేతి వేళ్ళు పరీక్ష రాసే కుర్రవాడివిలా చెమర్చాయి. ఒక్క అక్షరం తీస్తే చాలు. వరుస చెదరదు, పుట చెదరదు. లేచినవాడు లేడు.

అది దొంగతనమని ఆయనకు తెలుసు. తానే రాసిన ధర్మశాస్త్రంలో దానికి శిక్ష కూడా తెలుసు.

రెండున్నరకు కిందికి దిగాడు. ఫారం అప్పటికే ఇనుప చట్రంలో బిగించి, రాతిబల్ల మీద పడుకోబెట్టి ఉంది. మెషీన్‌మన్ అవతల రోలర్లకు సిరా పడుతున్నాడు. కంపోజిటరు ఒక్కతే బల్ల దగ్గర ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి, వేలికొసలన్నీ సీసం రంగు. అక్షరాలను తలకిందులుగా, కుడినుంచి ఎడమకు, సరుకుల చీటీ చదివినంత సులువుగా చదివేది.

“ఏంటి బాబాయిగారూ, పాతాళానికి దయచేశారు? సంతకమైపోయిందిగా.”

“ఒక అక్షరం తీయాలమ్మాయ్.”

“సంతకం తర్వాతా? జ్వరం గానీ వచ్చిందా మీకు?”

“ఆఖరి మాటలో. ‘చా’.”

ఆమె వంగి చూసింది. పెదవులు కదిలాయి. నిటారుగా నిలబడింది.

“మనిషినే ఎత్తేస్తున్నారుగా!” గొంతు తగ్గించింది. “ఎవరు తీయమన్నారు?”

“ఎవరూ అనలేదు.”

“అయితే నా వల్ల కాదు. నా పొట్ట కొట్టకండి.”

“సరే. ఆ తాళంచెవి ఇలా ఇచ్చి, నువ్వు వెళ్ళి మంచినీళ్ళు తాగిరా.”

చట్రం బిగింపు వదులుచేసే తాళంచెవిని ఆయనే అందుకున్నాడు. రంధ్రంలో పెట్టి తప్పువైపు తిప్పాడు. చట్రం మూలగా కీచుమంది. పదహారు పుటల సీసం, పిట్టగోడ కూలబోయినట్టు, వెంట్రుకవాసి కదిలింది.

“ఆగండాగండి! మొత్తం కుప్పకూలుతుంది!” ఆమె ఆయన మణికట్టు పట్టేసుకుంది. “ముప్పై నాలుగేళ్ళు అచ్చులో వేలు పెట్టని మనిషి! ఇవాళ ఏమొచ్చిందండీ మీకు?”

మెషీన్‌మన్ అవతలనుంచి, “ఎక్కిద్దామా?” అని కేక వేశాడు.

“మా ఇంట్లో పిల్ల నిన్న ఇది చదివింది,” అన్నాడు ఆయన.

“మేనత్త దగ్గర చదువుకుంటున్న...” అని మొదలుపెట్టి ఆమె ఆగింది. ఆయన ముఖం చూసింది. ఫారం వంక చూసింది. ఇంకోసారి పెదవులు కదిపి చివరి అయిదు వాక్యాలూ చదివింది. “మానేసి ఎన్నాళ్ళయింది?”

“నూట ఇరవై ఒక్క రోజులు.”

“ఐదు నిమిషాలాగవయ్యా!” అని మెషీన్‌మన్‌కు ఎదురుకేక వేసింది. “తప్పుకోండి బాబాయిగారూ. ఈ చేతులతో మీరు ఫారం విప్పితే ఊరు ఊరంతా లేవదు.”

తాళంచెవి సరైన వైపు అరచుట్టు తిప్పింది. చిన్న పట్టకారుతో అక్షరం పైకి లాగి రాతిబల్ల అంచున పెట్టింది. రెండు సీసపు ముక్కలను దగ్గరకు జరిపి, వరుస చివర ఖాళీ దిమ్మె పెట్టి, మళ్ళీ బిగించి, చెక్కసుత్తితో మూడుసార్లు తట్టింది. వేళ్ళు కొంగుకు తుడుచుకుని మంచినీళ్ళకు వెళ్ళిపోయింది.

మూడింటికి యంత్రం కదిలింది. మొదటి కాగితం సిరా ఆరకముందే ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కాడు. తప్పు చేసి దాక్కోవడం ఆయనకు చేతకాదు. తప్పు ఎక్కడుందో అంచున గుర్తు పెట్టి చూపడమే ఆయన ఎరిగిన విద్య.

సంపాదకురాలు ముందునుంచి చదివింది. చివరి మాట దగ్గర ఆమె కన్ను ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది.

“పుస్తకం ఆయనది మేష్టారూ.”

“అవునమ్మా.”

“దీన్ని దొంగతనమంటారు.”

“అవును. ఒక అక్షరం.”

“ఎవరు తీశారు?”

“నేనే.”

“మీకు ఫారం విప్పడం రాదు.”

“ఇవాళ వచ్చింది.”

ఆమె చేయి బల్ల అంచున ఉన్న గంటమీట మీదికి వెళ్ళింది. అది నొక్కితే కింద యంత్రం ఆగుతుంది. నొక్కలేదు, తీయలేదు. నిమిషానికి పదిహేను కాగితాలు. ఆయన మనసు లెక్కపెడుతోంది.

“ఎందుకు మేష్టారూ? పొద్దున ‘మా ఇంట్లో’ అన్నారు.”

“ఆ మాట కొట్టేయండమ్మా.”

ఆమె ఆయన వంక చూసింది. జుట్టులోని కలం ఒకటి తీసి, మూత విప్పి, మళ్ళీ పెట్టింది.

“మీరు వెళ్ళండి. రేపటినుంచి...” అంది.

వాక్యం అక్కడ ఆగిపోయింది. అసంపూర్తి వాక్యాన్ని ఆయన జీవితంలో మొదటిసారి దిద్దకుండా వదిలిపెట్టాడు. నమస్కారం పెట్టి, గదికి వెళ్ళి, టిఫిను డబ్బా సంచిలో వేసుకుని, దీపం ఆర్పాడు. ఎవరూ చూడలేదు. ఉన్నప్పుడు పలకనివాడు పోతున్నప్పుడు చప్పుడు చేయడు గదా.

ఏడో మెట్టు మీద ఉండగా కింద గంట మోగింది.

యంత్రం ఆగింది. ఆయన కాలు గాలిలో ఉన్నది ఉన్నట్టే ఉంది. పైన సంపాదకురాలు అచ్చుగదికి ఫోను చేసి మాట్లాడటం వినిపించింది. మాటలు తెలియలేదు. కింద తలుపు అవతల కంపోజిటరు ఏదో అంది. తరువాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక అక్షరం తిరిగి పెట్టడానికి చాలినంత వ్యవధి ఉంది. ఆయనకు ఆ లెక్క ఇవాళే తెలిసింది.

యంత్రం మళ్ళీ మొదలైంది. అదే లయ, అదే చప్పుడు. ‘లేచాడు’కూ ‘లేడు’కూ యంత్రం చప్పుడులో తేడా ఉండదు. తలుపు తోసి చూడవచ్చు. చూడలేదు. బస్సుకు వేళైంది, ఇంటి దగ్గర పిల్ల లేచే వేళ కూడా అయింది. లేచి ఏమైందని అడుగుతుంది. అక్షరం ఒకటి తీశానని చెప్పాలి, ఉంటుందో ఉండదో తెలియదని కూడా చెప్పాలి. సంచి కుడి భుజానికి మార్చుకుని వీధిలోకి నడిచాడు. ఎడమ భుజం మునుపటిలాగే ఒరిగి ఉంది.

రాత్రి అయిదువేలో కాగితం కూడా అచ్చుపడి, యంత్రం ఆగి, కంపోజిటరు తలుపు దగ్గరగా వేసి ఇంటికి పోయాక, రాతిబల్ల అంచున సీసపు ‘చా’ ఒక్కటి, పట్టకారు వదిలిన చోటనే, ఎడమకు తిరిగి పడుకుని ఉంది.